మూడు గ్లాసుల ఓటు

ఒక ఊరు మొత్తాన్ని నేనొక్కడినే ముంచాను. మా ఊళ్ళో మునిగేన్ని నీళ్ళు ఎక్కడివని మీకు అనుమానం రావచ్చు. అన్ని అక్కర్లేదు, మూడు గ్లాసులు చాలు. ఎలాగో చెబుతాను. చదివాక నవ్వుతారో తిడతారో మీ ఇష్టం. మా ఊరి ఆడవాళ్ళు తిట్టిన తర్వాత మీరు కొత్తగా తిట్టడానికి మాటలేమీ మిగల్లేదని మాత్రం ముందే చెబుతున్నాను.

ఊరి పేరు చెప్పను. అనంతపురం జిల్లాలో కంబదూరుకూ యాడికికీ మధ్య ఎక్కడైనా అనుకోండి. ఏ ఊరనుకున్నా పెద్ద తేడా ఉండదు. అన్నిచోట్లా శెనక్కాయ చేలే, అన్ని చేలకూ వాన మీదే ఆశ. మా ఊళ్ళో బోర్లు ఎండిపోయి చాలా ఏళ్ళయింది. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చేది. అది వచ్చే ముందురోజే చావడి ముందు బిందెలు వరుసగా పెట్టేవాళ్ళు. మనిషి నిలబడాల్సిన పని లేదు, బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఏ సొట్ట ఏ ఇంటి బిందెదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ముందు పై వీధి బిందెలు, తర్వాత నడి వీధివి, చివర్న కాలనీ బిందెలు. ఈ వరుస ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పరు. ఎవరూ పెట్టలేదట. అది అలాగే ఉందట.

ఆ ఎండాకాలంలో ఎలక్షన్లు వచ్చాయి, ట్యాంకరు మాత్రం రాలేదు. ఒక వారం చూశాం, రెండు వారాలు చూశాం. అన్నాళ్ళూ ఆడవాళ్ళు పక్కూరి తోట బోరు నుంచి బిందెలు మోశారు. మా యర్రిస్వామి మామ ఊరి పెద్ద, ఆవేశం తక్కువ, ఆరా ఎక్కువ. బైకు మీద వెళ్ళి సంగతి కనుక్కుని వచ్చాడు.

"మన ట్యాంకరు యాడుండాదో తెలుసునాప్పా? పక్క మండలంలో పెద్ద నాయకుని మీటింగంట. ఆయప్ప హెలికాప్టర్లో దిగుతాడంట. దిగేటప్పుడు దుమ్ము లేస్తే బట్టలు మాసిపోతాయని, మన ట్యాంకరు పెట్టి నేలకు నీళ్ళు కొడతాండారు. నా కండ్లారా చూసొచ్చినా."

ఒక్క నిమిషం ఆగి ఈ మాట మళ్ళీ చదవండి. మేం తాగే నీళ్ళు మట్టికి తాగించారు, తెల్ల బట్టలు మాయకుండా! ఇది రాస్తుంటే ఇప్పటికీ పెన్ను కాగితానికి చిల్లు పెడుతోంది. వయసు వల్ల కాదు, మంట వల్ల.

అప్పట్లో నా మీసం నల్లగా ఉండేది, గొంతు పెద్దగా ఉండేది. బుర్ర సంగతి ఇదంతా చదివాక మీరే చెబుదురు. ఆ సాయంత్రం చావడి దగ్గర జనం పోగయ్యారు. నేను అరుగెక్కాను.

"ఈసారి మనూర్లో ఓటు పడగూడదు! ఒక్కటి గూడ! మిషన్లో సున్న చూసి పెద్దోళ్ళంతా మనూరికి పరిగెత్తుకొని రావల్ల!"

చప్పట్లు కొట్టారు. చప్పట్లు వింటే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. "అందరూ బిందెలు తెచ్చి బోర్లించండి. నీళ్ళొచ్చేదాకా ఓటెయ్యమని బిందె మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యండి!" అన్నాను. తెచ్చారు, బోర్లించారు, ఒట్టేశారు. అక్కడితో ఆగినా నా బతుకు బాగుండేది. ఆగలేదు.

"ఒట్టు తప్పి ఎవురన్నా ఓటేస్తే, ఆ ఇంటి బిందె ఇంగెప్పుడూ కడానే పెట్టల్ల! ఊరంతా పట్టుకున్నాకనే వాళ్ళకు నీళ్ళు!"

ఈ శిక్ష ఎవరూ నేర్పలేదు, నా సొంత తెలివితోనే కనిపెట్టాను. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అప్పుడు కాలనీ వైపు నుంచి మరియమ్మ లేచింది. శెనక్కాయ పీకడానికి మా చేలకు కూలికొచ్చే మనిషి, ఎవరికీ జంకే రకం కాదు. "రామాంజన్నా, ఒక మాట. మా బిందెలు ఎప్పుడూ కడానే గదా ఉండేది? మాకు ఇది శిక్ష ఎట్లయితాది? మాకు వేరే ఏదన్నా చూడు" అంది.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. "ఇప్పుడు ఆ వరుస సంగతి యేంటికి మరియమ్మా? ఇది ఊరి సమస్య" అన్నాను. కాలనీ ఊళ్ళోది కానట్టు! ఆ మాట అన్నది నేనేనని కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇంటికి వెళితే మా ఆవిడ సుంకమ్మ ఇంకో మీటింగు పెట్టింది.

"నీళ్ళు మోసేది మేము. ఓటేసేదీ లేందీ తేల్చేది మీరా? మమ్మల్ని ఒక్క మాటన్నా అడిగినారా?"

"అడిగేదేముండాదే? మీ కోసమే గదా."

"మా కోసమైతే మమ్మల్నే అడగల్ల. నాకు ఓటెయ్యాలని ఉండాది. ఆ హెలికాప్టరాయప్ప మనిషిని ఓడగొట్టాలని ఉండాది. మనం వెయ్యకుంటే ఆయప్పకేం నష్టం?"

"నా ఇంటి ఆడమనిషే పోయి ఓటేస్తే నా పరువేం కావాల?"

సుంకమ్మ బిందె తీసి మూలన పెట్టింది. "సరే. బిందె మీద చెయ్యి పెట్టినా, మాట తప్పను. నువ్వు గూడ తప్పొద్దు" అంది. నేను మీసం దువ్వుకున్నాను.

పోలింగు రోజు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకున్నాను. జేబులో ఓటరు కార్డు పెట్టుకున్నాను. అనుమానపడకండి, టీవీ వాళ్ళొస్తే కెమెరా ముందు ఊపుదామని. సుంకమ్మ చెంబు తెచ్చి "ఎండ శానా ఉండాది, నీళ్ళు తాగి పో" అంది. ఇంట్లో ఉన్నవి ఆ నీళ్ళే. నేను వీధిలోకి వచ్చి, నాలుగిళ్ళ అవతలికి వినపడేలా, "ఊరికి నీళ్ళొచ్చేదాకా నేను చుక్క ముట్టను!" అని అరిచాను. అవతలి ఇంట్లో ఎవరో దగ్గారు. నాకది జేజేలాగా వినపడింది.

మా ఊరి బడే పోలింగు బూత్. గేటు దగ్గర మేం పదిమంది కాపలా. ఏడింటికి నినాదాలు, ఎనిమిదింటికి నినాదాలు, పదింటికి సగం నినాదాలు. పన్నెండయ్యేసరికి నా గొంతు నాకే వినపడడం మానేసింది. టీవీ వాళ్ళు రాలేదు. వస్తారని ఎవరన్నారో కూడా గుర్తు లేదు. కాపలావాళ్ళు ఒక్కొక్కరే అన్నానికి వెళ్ళిపోయారు. యర్రిస్వామి మామ రోడ్డవతల వేపచెట్టు కింద మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోయాడు. ఒంటిగంటకు గేటు దగ్గర మిగిలింది నేనూ ఎండా.

అప్పుడు వినపడింది. బడి గదిలో ఎవరో క్యాను వంచి గ్లాసులోకి నీళ్ళు పోస్తున్న చప్పుడు. మీలో ఎవరైనా కృష్ణా గోదావరి పక్కన పుట్టిన వాళ్ళుంటే ఈ పేరా వదిలేయండి, మీకు అర్థం కాదు. మా వైపు వాళ్ళకు ఆ చప్పుడు గురించి వేరే చెప్పక్కర్లేదు.

సున్న ఉందో లేదో కనుక్కుందామని వెళ్ళాను. నిజంగా అందుకే వెళ్ళానని నాకు నేను చెప్పుకున్నాను. గదిలో నలుగురు ఆఫీసర్లు, వాళ్ళ పెద్ద ఒక టీచరమ్మ. మూలన రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు, వాటికి తడి గోనెసంచులు చుట్టి ఉన్నాయి. ఓటర్ల కోసం తెచ్చినవి. ఆ ఓటర్లను రానీయకుండా ఆపింది నేనే.

"సున్ననేనా మేడం?" అన్నాను గడప దగ్గర నిలబడి.

"సున్ననే. పొద్దున్నుంచి ఒక్కరూ రాలేదు" అందామె దిగులుగా.

"రారు" అని గర్వంగా అందామనుకున్నాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"అయ్యో, నోరెండిపోయింది మీకు. ఈ ఊరి ఓటరే కదా, లోపలికి రండి. ముందు నీళ్ళు తాగండి."

మొదటి గ్లాసు ఎప్పుడు తాగానో తెలియదు. రెండో గ్లాసు చల్లగా ఉందని తెలిసింది. మూడోది చేతిలో ఉండగా బల్ల దగ్గరున్న ఆఫీసరు, పొద్దున్నుంచి పనిలేక ఆవలిస్తున్న మనిషి, పుస్తకం తెరిచి "పేరు?" అన్నాడు.

బ్యాంకులో, రేషన్ షాపులో, ఎక్కడ పేరడిగినా టక్కున చెప్పడం మనకు అలవాటు కదా. "రామాంజనేయులు" అన్నాను.

"తండ్రి?"

"ఓబులేసు."

"కార్డు?"

గ్లాసు కుడిచేతిలోనే ఉంది. ఎడమచేత్తో జేబులోంచి తీసిచ్చాను. ఆయన నా పేరు గదంతా వినపడేలా చదివాడు. పక్కాయన "ఇక్కడ సంతకం" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, పొడుగు తోక లాగి మరీ సంతకం చేశాను. మళ్ళీ గ్లాసు అందుకున్నాను. "ఎడమ చెయ్యి" అన్నాడు. ఇచ్చాను. వేలికి చల్లగా తగిలింది. చూస్తే సిరా!

"మేడం! నేను ఓటెయ్యడానికి రాలేదు మేడం!"

"వెయ్యకుండా వెళ్ళచ్చండీ, బలవంతమేమీ లేదు" అందామె ఎంతో మర్యాదగా. "వెయ్యనన్నారని ఇక్కడ రాసి, ఇంకో సంతకం తీసుకుంటాం. అంతే."

ఆమె గద్దించి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఎగిరెగిరి పోట్లాడి బయటపడేవాణ్ణి. మర్యాద చేసి చంపింది. నలుగురూ నా వైపే చూస్తున్నారు. మూడు గ్లాసులు కడుపులో చల్లగా కూర్చున్నాయి. పెళ్ళికి వెళ్ళి, భోంచేసి, తాంబూలం వద్దని లేచొచ్చే అలవాటు మా ఇంటా వంటా లేదు. పైగా వేలికి సిరా పడనే పడింది. వెయ్యలేదని ఆ పుస్తకంలో రాసుకుంటే పుస్తకం నమ్ముతుంది. ఊరు నమ్మేది వేలినే.

అట్టపెట్టె చాటున రెండు మిషన్లు, ఒకటి ఎంపీకి, ఒకటి ఎమ్మెల్యేకి. మొదటి మిషన్లో అన్నిటికంటే పైన ఏ మీట ఉంటే అది నొక్కాను. పారిపోవాలనే తొందర తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

బీ.......ప్!

సంతలో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. అంత నిశ్శబ్దంగా ఉన్న ఊళ్ళో, ఆ మధ్యాహ్నం, అది కాలనీ దాకా వినపడింది. పక్కనున్న డబ్బా అద్దం వెనక చీటీ కనపడింది. దాని మీద గుర్తు చూశాను. హెలికాప్టరాయన పార్టీ! మా నీళ్ళు మట్టికి తాగించినాయన పార్టీకి మా ఊళ్ళో ఏకైక ఓటు, స్వయంగా నా వేలితో.

రెండో మిషన్లో ఒళ్ళు దగ్గర పెట్టుకుని, అడుగున ఉన్న నోటా వెతికి నొక్కాను. అదీ కూసింది. ఆ ఒక్కటి నా పుణ్యం కింద రాసుకోండి.

ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాను. వేపచెట్టు కింద యర్రిస్వామి మామ లేచి కూర్చున్నాడు.

"ఏమప్పా రామాంజీ, బడిలో ఏందో కూసింది?"

"నా ఫోను మామా."

"నీ ఫోన్లో పాట గదా వచ్చేది?"

"ఛార్జింగు అయిపోతే అట్లనే కూస్తాది."

"రెండుసార్లు కూసిందే?"

"శానా అయిపోయింది మామా."

అంతలో సుంకమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకుని వచ్చింది. వెనకే నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో మరియమ్మ. కూత వాళ్ళకూ వినపడింది మరి. "చెయ్యి కడుక్కో" అని సుంకమ్మ చెంబు వంచింది. కుడిచెయ్యి చాపాను.

"ఆ చేతికేమైంది?"

"తేలు కుట్టింది."

"తేలు కుట్టినోడు ఇట్ల గమ్మున కూచోనుంటాడా? చూపీ."

తువ్వాలు లాగేసింది. వేలు చూసింది. బడి వైపు చూసింది. తలుపు తీసే ఉంది, క్యాన్లు ఇక్కడికి కనపడుతున్నాయి. అంతే, ఆమెకు ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

"నీళ్ళిచ్చినారా?"

"ఆఁ."

"ఎన్ని గ్లాసులు?"

"మూడు."

అప్పుడు లేచింది గొంతు. "పొద్దున చెంబు చేతికిస్తే వీధిలో నిలబడి అరిచితివే, చుక్క ముట్టనని! నేను ఓటేస్తే నీ పరువు పోతాది, నువ్వేస్తే పోదా? నా ఓటు ఆపి, ఊరోళ్ళ ఓట్లన్నీ ఆపి, నువ్వు పోయి మూడు గ్లాసులకు వేసొస్తివా? పనికిమాలినోడా!"

నడి వీధిలో మొగుణ్ణి అలా తిట్టచ్చా అని మీరు అడగచ్చు. తిట్టచ్చు. ఆరోజు ఆమె తిట్టినదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు.

"నువ్వు గూడ పోయి వెయ్యక్కా, ఎట్లనూ శిక్ష పడె గదా" అని ఎవరో అన్నారు.

"ఒట్టేసినా" అంది సుంకమ్మ. "నేను మాట మీద ఉండే మనిషిని." గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. సంగటి కూడా వెళ్ళిపోయింది.

"ఇంగెవురూ పోవద్దండప్పా" అని యర్రిస్వామి మామ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఎవరూ వెళ్ళలేదు. సాయంత్రం మిషన్‌కు సీలు పడేసరికి మా ఊరి ఓట్లు ఒకటి. సున్న అయితే పైవాళ్ళు ఎందుకో ఏమిటో కనుక్కోవాల్సి వచ్చేదట. ఒకటి ఉంది గనక పోలింగు జరిగినట్టే లెక్కట. మర్నాడు పేపర్లో "పోలింగ్ ప్రశాంతం" అని వేశారు. ప్రశాంతమట! ఒక ఊరు ఊరంతా గొంతెండి గడపల్లో కూర్చుంటే దాని పేరు ప్రశాంతం!

"నోటాకేసినా, దేవుని తోడు!" అని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. సగం నిజమే కదా. ఓటు రహస్యం, ఎవరికి వేశానో బ్రహ్మకు కూడా తెలియదని ధీమాగా ఉన్నాను. ఊరికి ఒక్కడే ఓటేస్తే ఇంక రహస్యమేమిటని నా బుర్రకు తట్టలేదు. కౌంటింగు రోజు చావడిలో టీవీ చూస్తుంటే యర్రిస్వామి మామకు ఫోనొచ్చింది. స్పీకరు పెట్టాడు. "మామా, మీ బూత్‌లో మా ఎంపీ సార్‌కు ఒకటి! మిగతావోళ్ళందరికీ సున్న!" అవతల, కౌంటింగు దగ్గరున్న హెలికాప్టరాయన పార్టీ మనిషి సంతోషంగా అరుస్తున్నాడు. చావడి మొత్తం నా వైపు తిరిగింది. ఆరోజు నుంచి నా పేరు 'ఒంటోటు'.

ఆ సారు గెలిచాడు. రెండు నెలలకు జీపులు వచ్చాయి, పైపులు వచ్చాయి. మా ఊరి పక్కనుంచే పెద్ద నీళ్ళ పైపు పోతుంది. దాన్నుంచి మాకు లైను ఇవ్వడం కుదరదని ఏళ్ళ తరబడి చెప్పారు. అర్జీలు రాసి రాసి పెన్నులు అయిపోయాయి. ఇప్పుడు మూడు రోజుల్లో కుదిరింది! ఒక్క కొళాయి. ఎక్కడ? నా గడప ముందు. ఎవరో ఖద్దరాయన నా మెడలో దండేసి, "ఈ ఊర్లో సార్‌కు పడింది ఒక్క ఓటు. ఆ ఒక్క ఓటరును సార్ మర్చిపోలేదు" అన్నాడు. చూశారా న్యాయం? ఊరంతా ఒట్టేసి నిలబడితే రాని నీళ్ళు, ఒకడు ఒట్టు తప్పితే వచ్చాయి. దండ కింద నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సుంకమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున గంటసేపు నీళ్ళు వదులుతామన్నారు. గడప దాటితే కొళాయి, అందుకని తీరిగ్గా బిందె తీసుకుని బయటికొచ్చాను. అప్పటికే బిందెల వరుస మా వీధి చివర మలుపు తిరిగి కనపడకుండా పోయింది. యర్రిస్వామి మామ నా చేతిలో బిందె అందుకున్నాడు.

"కొళాయి నా గడప ముందరుండాది మామా!"

"శిక్ష నీ నోట్నించే వచ్చింది గదప్పా."

తీసుకెళ్ళి కాలనీ బిందెలన్నిటి తర్వాత, మరియమ్మ బిందె వెనక పెట్టాడు. గంట అయ్యేసరికి మరియమ్మ బిందె సగం నిండింది, కొళాయి ఆగిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. చివర్న నిలబడితే నీళ్ళు కొంచెం ఆలస్యంగా వస్తాయని నేను అన్నేళ్ళూ అనుకున్నాను. ఆలస్యంగా కాదు, రావు. సుంకమ్మ సైకిలు చూపించి, "ఓటేసింది నువ్వు, మోసేదీ నువ్వే" అంది. పక్కూరి తోట బోరు దగ్గరికి రెండు మైళ్ళు తొక్కాను, రోజూ.

వారం తిరగకుండానే చావడి అరుగెక్కి, "ఈ వరుస అన్యాయం! రోజూ మార్చల్ల!" అని అరిచాను.

"మాకు ఇన్నేండ్లు కనపడింది నీకు వారానికే కనపడిందే అన్నా!" అంది మరియమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. సుంకమ్మ లేచి, "ఆడోళ్ళం మేం చెప్తాం వినండి" అని వరుస తేల్చింది. ఒకరోజు పై వీధి ముందు, ఒకరోజు నడి వీధి, ఒకరోజు కాలనీ.

ఆ సాయంత్రం మరియమ్మ మా గడప దగ్గరికొచ్చి తన బిందెలోంచి సగం నా బిందెలో వంచింది. మా నాయన ఉన్న రోజుల్లో కాలనీ బిందె నీళ్ళు మా గడప దాటి లోపలికొచ్చేవి కావు. నేను దోసిలి పట్టాను. సిగ్గుతో తాగాను, చల్లగా ఉన్నాయి.

"కడుపు నిండా తాగన్నా" అంది. "దప్పికైతే నువ్వు మళ్ళా యాడికి పోయి ఎవురికి వేసొస్తావో!"

కాబట్టి దేశంలోని ఓటర్లందరి సాక్షిగా, ఇంట్లో కడుపు నిండా నీళ్ళు తాగకుండా ఇకపై ఏ ఎలక్షన్ రోజునా గడప దాటనని, మర్యాదగా ఎవరు గ్లాసు అందించినా ముందు వాళ్ళ బల్ల మీద పుస్తకముందో లేదో చూసుకుంటానని, మా ఆవిడ ఓటు జోలికి జన్మలో పోనని, బిందె మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను. బిందె ఖాళీగానే ఉంది. ఊళ్ళో అందరి వరుసా రోజూ మారుతుంది, నాది తప్ప.